చుట్టుదారికి పచ్చ

పచ్చ అంటే ఆకుపచ్చే. ఆ ఎండాకాలం మా ఇంట్లో జరిగిన రభసంతా ఈ ఒక్క మాట మీదే జరిగింది. అయినా నేను మాట మార్చలేదు, మార్చను కూడా. పచ్చగడ్డి పసుపు రంగులో ఉంటుందా? చిలకపచ్చ అంటే ఏ రంగు? మా ఆయన మాత్రం, "మరి పచ్చకామెర్లు వచ్చినవాడి కళ్ళు ఆకు రంగులోకి మారతాయా?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. అక్కడితో ఇద్దరం మూతులు ముడుచుకుని చెరో పనిలో పడతాం.

కానీ ముందు అత్తయ్య సంగతి చెప్పాలి.

మా ఇల్లు కనుమ కింద, పెద్దదారి పక్కన ఉంది. పెద్దదారంటే బండ్లు పోయేది కాదు, మనుషులు వీపున సంచులు తగిలించుకుని నడిచేది. సముద్రం ఒడ్డున మొదలై, అడవులూ బయళ్ళూ దాటి, మా కనుమెక్కి దిగి, ఎక్కడో మంచుకొండల్లో ఒక సరస్సు దగ్గర ఆగుతుంది. సరిగ్గా దాని నడుమన మా సత్రం. రాతి గోడలు, రేకు కప్పు, వరస పడకల గది, ఎప్పుడూ ఆరని పొయ్యి. మంచు కరగడం మొదలైన దగ్గర్నుంచి మళ్ళీ పడేదాకా నడకవాళ్ళు వస్తూనే ఉంటారు. వాళ్ళకి సూపు, రొట్టె, వేడినీళ్ళు, దుప్పటి. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఒక్క చలికాలమే గడిచింది. మా పుట్టింటివాళ్ళది బూట్ల దుకాణం. మా ఆయన ఒక జత కొనుక్కుని మాటిమాటికీ మార్చుకోవడానికి వచ్చేవాడు. సైజు మాత్రం మొదటిసారే సరిపోయింది.

రేకు మీద మంచు పెళ్ళలు దబ్బుదబ్బున జారిపడుతున్న ఒక ఉదయం, అత్తయ్య రొట్టె కోస్తూ కోస్తూ, "ఈసారి నేను నడుస్తాను" అంది.

మామయ్య టీ గ్లాసులోంచి తలెత్తలేదు. "ఎక్కడికి?"

"చివరిదాకా. సముద్రం దగ్గర మొదలుపెట్టి."

"కూర్చుంటే లేవలేవు, లేస్తే కూర్చోలేవు. చివరిదాకానట!"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ వీళ్ళకి వండుతున్నాను. ఒకడొచ్చి పూలలోయ అంటాడు, ఇంకొకడొచ్చి కొంగల నాట్యం అంటాడు. నేను అబ్బో అబ్బో అంటూ గరిటె తిప్పుతాను. ఇటు కొయ్యవంతెన దాటి ఎరగను, అటు కనుమ దాటి ఎరగను. వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి. ఇక కాళ్ళ వంతు."

"మరి పొయ్యి దగ్గర ఎవరుంటారు?"

"కోడలుంది."

నాకు ఉడకబెట్టడం వచ్చుగానీ వండటం రాదు. అయినా ఆ మధ్యాహ్నమే ఆవిణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి పాదాల కొలతలు తీసుకున్నాను. ఎడమ పాదం కుడిదానికంటే కాస్త పెద్దదని ఆవిడకే తెలియదు. "ఇన్నాళ్ళూ ఒకే సైజు తొడిగాను దీనికి, పాపం" అని ఆ పాదాన్ని నిమురుకుంది. అప్పుడు నాకెందుకో కళ్ళు చెమర్చాయి. ఎలాగైనా ఈవిడ ఆ చివరిదాకా వెళ్ళి తీరాలని, నేనే నడుస్తున్నంత ఆరాటం పట్టుకుంది.

మామయ్యకి మాత్రం ఏ బెంగా లేదు. "సముద్రం దగ్గర్నుంచి వస్తే సగం దారిలో మన గుమ్మమే తగులుతుంది. గుమ్మం చూశాక ఇక కదిలితే నన్నడుగు. పొయ్యి మీద ఏదో మాడుతూ ఉంటుంది, సర్దడానికి లోపలికి వస్తుంది, అంతే సంగతులు" అన్నాడు. మనిషిని అంత బాగా ఎరిగినవాడు చెప్పేసరికి నాకు భయం వేసింది. మాడటమంటారా, అది ఎలాగూ మాడుతుంది, వండేది నేను కదా!

అత్తయ్య బస్సెక్కి సముద్రం వైపు వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆవిడ కబుర్లు ఆవిడకంటే ముందు నడిచి రావడం మొదలుపెట్టాయి.

మొదట తెచ్చింది గొడుగాయన. ఎండైనా వానైనా నల్ల గొడుగు తెరిచి నడుస్తాడని మేము పెట్టిన పేరది. "మీ అత్తగారా! అమ్మో! దారిలో ప్రతి సత్రంలోనూ వంటింట్లోకి దూరి సూపులో ఉప్పు చూస్తోంది. వాళ్ళు భయంతో ముందే ఒకటికి రెండుసార్లు రుచి చూసుకుంటున్నారు" అన్నాడు.

తరవాత ఇద్దరు అక్కచెల్లెళ్ళు వచ్చారు. రెల్లు మడుగు దగ్గర బూడిదరంగు పెద్ద కొంగలు జంటలు జంటలుగా ఎగిరి గంతులేస్తుంటే, మా అత్తయ్య గట్టు మీద చతికిలబడి పొద్దు వాలేదాకా లేవలేదట. పదండంటే, "మీరు వెళ్ళండి, వాటి గొడవ ఇంకా తేలలేదు" అందట. ఆపైన వచ్చినవాళ్ళు ఎలుగుబంటి కబురు తెచ్చారు. అది ఆవిడ రొట్టె సంచి పట్టుకుంటే, "ఛీ, వదులు! ఎంగిలి చేస్తావా?" అని గరిటె ఝళిపించిందట. ఎలుగు బిత్తరపోయి సంచి వదిలేసి చెట్ల వెనక్కి పోయిందట.

"గరిటె ఎక్కడిది మీ అత్తయ్యకి?" అన్నాడు మామయ్య.

ముగ్గురం గోడకేసి చూశాం. పెద్ద గరిటె మేకుకి లేదు.

"అదా సంగతి! నేను ఇల్లంతా వెతుకుతున్నాను" అని ఆయన పకపకా నవ్వాడు. ఆ కబుర్ని మాత్రం వచ్చిన ప్రతివాడికీ తానే చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఎలుగుబంటి కొంచెం పెరిగేది.

ఇలా ఆవిడ దగ్గరవుతూ ఉండగా కుంభవృష్టి కురిసి, కొయ్యవంతెనకీ మా ఇంటికీ మధ్య కొండచరియ జారింది. పెద్దదారి అక్కడ మట్టిలో కలిసిపోయింది. మామయ్యా, మా ఆయనా పారలు పట్టుకుని, వానకి కదిలిన వంతెన పని మీదికి పోయారు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉండగా ఫోను మోగింది. అవతల అత్తయ్య. వంతెనకి ఇంకా చాలా అవతల, ఏదో సత్రం నుంచి మాట్లాడుతోంది.

"చరియ జారిందటగా! నడకవాళ్ళు ఆగిపోకూడదమ్మాయ్. చరియకి పైనుంచి చుట్టి రావచ్చు, మేకల జాడ ఉంటుంది. గుర్తులు పెట్టు. చుట్టుదారికి పచ్చ. డబ్బాలు కొట్టుగదిలో ఉన్నాయి..."

ఫోను తెగిపోయింది.

పెద్దదారి గుర్తులు తెలుపు. రాళ్ళ మీద, చెట్ల మొదళ్ళ మీద తెల్లటి పట్టీలుంటాయి. అది నాకు తెలుసు. చుట్టుదారి రంగేమిటో ఆ క్షణందాకా తెలియదు. కొట్టుగదిలో తెలుపు, పసుపు, ఆకుపచ్చ డబ్బాలున్నాయి. పచ్చ తీసుకోమన్నారు, పచ్చ తీసుకున్నాను. మీరైనా అదే చేసేవారు.

అబ్బ, ఆ రోజు! కొండమీద ఒంటరిగా నడవడం నాకదే మొదటిసారి. బ్రష్షు జడలో దోపుకుని, డబ్బా పట్టుకుని చరియ పైకెక్కాను. మంచు కరిగిన చోటల్లా ఊదారంగు చిట్టి పూలు, కాలు పెట్టడానికి చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. రాళ్ళ సందుల్లో ఈలగాళ్ళు. ఉడుత జాతివేగానీ పిల్లి అంత లావుంటాయి, మనిషిని చూస్తే వెనక కాళ్ళ మీద నిలబడి ఈల వేస్తాయి. నేనూ తిరిగి ఈల వేశాను. ఒకటి నోరు తెరుచుకుని నన్నే చూసింది. ఒక వంపు తిరిగేసరికి కొండమేక, పక్కనే దాని పిల్ల, నిటారు బండ మీద అంటించినట్టు నిలబడి ఉన్నాయి. పిల్ల దూకింది, జారింది, మళ్ళీ దూకింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. వంతెన వైపు కొసకి చేరి, అక్కణ్ణుంచి ఇంటివైపు రాయి రాయికీ నా పచ్చ పట్టీ వేసుకుంటూ, పాడుకుంటూ, ఒక పెద్ద నల్లబండ దాకా వచ్చాను. అక్కడ డబ్బా అడుగంటింది. కిందికి చూస్తే మా రేకు కప్పు తళతళలాడుతోంది. ఇల్లు ఎదురుగా కనబడుతుంటే ఇంకా గుర్తులెందుకని దిగివచ్చేశాను.

ఆ తరవాత మా సత్రానికి చీమ కూడా రాలేదు.

వంతెన పని ముగించి మగవాళ్ళు చీకట్లో మేకల జాడ పట్టుకుని తిరిగొచ్చారు. నేను కుండెడు సూపు కాచి కూర్చుంటే, తాగేవాళ్ళు లేక మేమే పూటపూటా తాగాం. "వంతెన దాటి ఇటే వచ్చారు, నేను కళ్ళారా చూశాను. మనుషులు ఏ పాతాళానికి పోయారు?" అని మామయ్య వాకిట్లోకీ లోపలికీ తిరిగాడు. ఊరికే ఉండలేక దుప్పట్లన్నీ ఉతికేశాడు. పొద్దున్నంతా పొగమంచు, మధ్యాహ్నానికి ఎండొస్తే తీగ మీద ఆరేశాడు. మర్నాడు మా ఆయన నా చెయ్యి పట్టుకుని గోళ్ళకేసి చూశాడు.

"ఇదేంటి?"

"చుట్టుదారి రంగు. అత్తయ్య పచ్చ వెయ్యమన్నారు."

"ఇది ఆకుపచ్చ!"

"నేనూ అదే అంటున్నాను, పచ్చ!"

"పచ్చంటే పసుపే మొర్రో! ఆకుపచ్చ కాపరుల దారిది! నల్లబండ దగ్గర్నుంచి వాళ్ళ గుర్తులు పైకి పోతాయి, వేసవి మేత బయలుకి!"

అప్పుడు అర్థమైంది. పొగమంచులో మా ఇల్లు కనబడదు. నల్లబండ దాకా నా పచ్చ, అక్కణ్ణుంచి కాపరుల పాత పచ్చ. నడకవాళ్ళు పచ్చ పట్టుకుని నేరుగా కొండమీది బయలుకెక్కి, కనుమ దాటి, మమ్మల్ని తప్పించుకుని అవతలికి దిగిపోతున్నారు. మామయ్య నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. నేను ఊరుకున్నానా? పచ్చిమిరపకాయ ఏ రంగులో ఉంటుందని అడిగాను. పచ్చని ఒళ్ళంటే ఏ రంగని మా ఆయన అడిగాడు. చివరికి పసుపు డబ్బా చంకన పెట్టుకుని కొండకేసి పరిగెత్తాడు. మామయ్య గొణుక్కుంటూ కట్టెలు కొట్టడానికి పెరట్లోకి పోయాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"మన ఇల్లెక్కడికి పోయిందే?" అంది అత్తయ్య.

కనుమ అవతలి సత్రం నుంచి మాట్లాడుతోంది!

"అత్తయ్యా, పచ్చంటే నేను..."

"తెలిసిందిలే. మంచి పని చేశావు. అమ్మాయ్, ఆ బయలు చూశావా నువ్వు? నడుం లోతు గడ్డి. మేకల మంద కాదు, తిరునాళ్ళు! ఒక గద్ద నా టోపీ మీదుగా పోయింది, దాని రెక్కల గాలి తగిలింది నాకు. నేను అరిచాను. భయమేసి కాదు, ఊరికే!" ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతులా గలగలలాడుతోంది. గొంతు తగ్గించి, "పక్కన ఎవరున్నారు?" అంది.

"ఎవరూ లేరు."

"పైకెక్కాక పొగమంచు విడిపోయింది. మన రేకు కనబడింది. మీ మామయ్య దుప్పట్లు ఆరేస్తున్నారు. సగం తీగ మీద, సగం నేల మీద."

"పిలవకపోయారా?"

"పిలిస్తే వినబడేంత దూరమే" అంది. ఆ తరవాత, "నా బూటు అడుగు నోరు తెరిచింది. ఒకసారి రాగలవా?" అంది.

వస్తానన్నాను. ఎంత తొందరగా అన్నానంటే ఆవిడ నవ్వింది.

మామయ్యతో, పొగమంచులో దారి తప్పి దాటిపోయిందని మాత్రమే చెప్పాను. ఆయన గొడ్డలి పక్కన పెట్టాడు. "ఏ పూట దాటింది?"

"నిన్న మధ్యాహ్నం అనుకుంటా."

"నిన్న మధ్యాహ్నం ఎండ కాసింది" అన్నాడు. ఆ రోజు నుంచి ఎలుగుబంటి కథ ఎవరికీ చెప్పలేదు. అత్తయ్య ఫోను చేస్తే మాట్లాడటానికి రాలేదు కూడా. ఆయన పొయ్యి దగ్గర కూర్చుని, నేను మాడ్చిన కుండల్ని ఇసుక వేసి తోముతుంటే చూడలేకపోయేదాన్ని. ఈయన కోపం నిజమైనదే, ఆవిడ నడకా నిజమైనదే, నేను ఎవరి పక్షమని అడిగితే మాత్రం సంచి సర్దుకుంటున్నాను, చూస్తున్నారుగా.

అవతల సత్రంలో అత్తయ్య బూటు మాత్రమే కాదు, తనూ మారిపోయి ఉంది. ముఖం నల్లబడింది, నడుం సన్నబడింది, మాట పెద్దదైంది. లావు సూది, మైనం పూసిన దారం తీసి నేను బూటు కుడుతుంటే, "గట్టిగా లాగు, ఇంకా చాలా దూరం ఉంది" అంటూ పక్కనే నిలబడింది. కుట్టడం అయ్యాక నేను తిరుగు బస్సు ఎక్కాలి. ఎక్కలేదు. ఆవిడ రమ్మనలేదు, నేను అడగలేదు, ఇద్దరం నడిచాం. పొయ్యి చూసుకోమని మా ఆయనకి మాత్రం ఫోను చేశాను.

ఆ నడక గురించి చెప్పడం మొదలుపెడితే ఆపలేను. సన్నటి తెల్ల కాండాల అడవులు, ఆకులన్నీ అప్పుడే రంగు తిరుగుతూ ఉండేవి. ఏ రంగని మాత్రం మేమిద్దరం పొరపాటున కూడా అనుకోలేదు. ఏరు దాటుతూ ఉంటే చేపలు మా పిక్కల్ని రాసుకుంటూ ఎదురీదేవి. తెల్లవారేసరికి మా గుడారం చుట్టూ జింకల అడుగులు, అవి మమ్మల్ని చూసిపోయినట్టు మాకు ఆనవాళ్ళు. ఎండాకాలం మాత్రం అయిపోవస్తోంది. చివరి కనుమ కింద చేరేసరికి ఆకాశం బూడిదరంగులోకి దిగింది, కనుమ కాపలాదారు దారికి అడ్డంగా కట్టే గొలుసు చేతపట్టుకుని ఉన్నాడు.

"మంచు వస్తోందమ్మా. రేపు దారి మూసేస్తాను. ఈ ఏటికి ఇంతే."

అత్తయ్య మొహం చూడలేకపోయాను. సముద్రం నుంచి వచ్చి ఒక్క కనుమ ముందు ఆగిపోవడమా? ఆవిడ కాపలాదారుని ఎగాదిగా చూసింది. "రేపటి మాట రేపు. ఇవాళ్టికి తెరిచే ఉందిగా?"

ఆయన నవ్వలేక నవ్వి గొలుసు దించాడు. "పొద్దు తిరగకముందే శిఖరం దాటండి. లేదంటే వెనక్కి వచ్చేయండి, మొండికేయకండి."

ఎక్కుతున్నాం. గాలికి మాటలు ఎగిరిపోతున్నాయి. సగం ఎక్కేసరికి పైనుంచి కొండమేకల మంద దిగుతూ ఎదురొచ్చింది. పెద్ద పోతులు, తల్లులు, ఆ ఏటి పిల్లలు, మా రెండు పక్కల నుంచీ రాళ్ళు దొర్లించుకుంటూ, ముక్కుల్లోంచి ఆవిర్లు కక్కుతూ పోయాయి. ఒకదాని బొచ్చు నా చేతికి రాసుకుంది. నాకు ఒళ్ళంతా పులకరించింది, వెంటనే భయం కూడా వేసింది.

"అత్తయ్యా, అవే దిగిపోతున్నాయి. మనం ఎక్కుతున్నాం!"

"అవి గడ్డి కోసం దిగుతున్నాయి. మనం గడ్డి తినంగా. పద!"

మొదటి మంచురవ్వలు మొహాన కొట్టాయి. ఆవిడ ఆగలేదు. నా ఊపిరి తెగిపోతోంది, ఆవిడ ముందు నడుస్తూ, "కుడికాలు, ఎడమకాలు, కుడికాలు" అని తన కాళ్ళని తానే పేరుపెట్టి పిలుస్తోంది. ఉన్నట్టుండి పిలవడం ఆపేసింది. తలెత్తి చూద్దును కదా, ఇక ఎక్కడానికేమీ లేదు. కింద సరస్సు. చుట్టూ మంచు పడుతున్నా నడుమ నీళ్ళు ఇంకా నీలంగానే ఉన్నాయి. ఒడ్డు దాకా దిగాం, జారాం, సగం దూరం కూర్చునే దిగాం. నీళ్ళలో చేతులు పెట్టి అత్తయ్య పెద్దగా ఒక కేక పెట్టింది. కొండలు తిరిగి కేక వేశాయి. నేనూ అరిచాను. ఇద్దరం గొంతులు పోయేదాకా అరిచాం, ఎవరూ ఏమిటని అడగలేదు.

సరస్సు అవతలి ఊళ్ళో బస్సెక్కాక మాత్రం ఆవిడ మాట తగ్గింది. కిటికీలోంచి చూస్తూ చూస్తూ, "ఏమంటారో" అంది. నేను ధైర్యం చెప్పబోయి మానేశాను, నాకూ తెలియదు.

సాయంత్రం పూట ఇల్లు చేరాం. ఆ ఏటి చివరి నడకవాళ్ళు నలుగురైదుగురు లోపల బల్ల దగ్గరున్నారు. మామయ్య తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. మా ఆయన ఆయన వెనకాల నిలబడి నాకేసి కళ్ళెగరేశాడు, తనకూ ఏమీ తెలియదన్నట్టు. అత్తయ్య మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. లోపలికి రాలేదు.

మామయ్య ఆవిణ్ణి పైనుంచి కిందిదాకా చూశాడు. బూట్లు చూశాడు, నల్లబడిన మొహం చూశాడు.

"ఎక్కణ్ణుంచి వస్తున్నారు?" అన్నాడు, గుమ్మంలోకొచ్చే ప్రతి నడకవాణ్ణీ అడిగినట్టే.

అత్తయ్య సంచి పట్టీ సవరించుకుంది. "సముద్రం దగ్గర్నుంచి."

"ఎందాకా?"

"చివరిదాకా. అయిపోయింది."

ఆయన రెండు మెట్లు దిగి, ఆవిడ వెనక్కి వెళ్ళి, భుజాల మీది పట్టీలు మెల్లగా విప్పాడు. సంచి చేతుల్లోకి రాగానే బరువుకి ముందుకి తూలాడు, మా ఆయన పట్టుకున్నాడు.

"ఇంత బరువా! ఇది మోసుకుంటూనా నువ్వు నడిచావు?"

"ఇప్పుడు తేలికైపోయిందండీ" అంది అత్తయ్య. "బయల్దేరిన రోజు ఎత్తి చూడాల్సింది మీరు."